దాచిపెట్టిన ఇరవై నిమిషాలు

తెర మీద పచ్చటి విమానం గుర్తు కదలకుండా నిలబడిపోయినట్టుంది. నిలబడలేదు, ఆ తెర నిమిషానికోసారి మాత్రమే ఒళ్ళు కదుపుతుంది, అది కదిలేలోపు అక్కడ సముద్రం మీద అన్నయ్య ఇంకో పద్నాలుగు కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటాడు, ముందుకు పోవడమంటే దీవికి తిరిగే వ్యవధి తరిగిపోవడం. దారికి కుడివైపున దీవి ఉంది, దీవి మీద ఒక రన్‌వే ఉంది, అటు తిరగాలంటే ఇంకా యాభై నిమిషాల వ్యవధి ఉంది, అది దాటాక తిరగడానికి ఏమీ ఉండదు, గమ్యం దాకా పోవాల్సిందే, ఆ గమ్యం మీద చూస్తే ఉదయం లేదన్న పొగమంచు ఇప్పుడొచ్చి కూర్చుంది. గమ్యం కాకపోతే దిగుదామని రాసిపెట్టిన పక్క ఊరి విమానాశ్రయం మీదా అదే మంచు. ఎదురుగాలి అనుకున్నదానికన్నా గట్టిగా కొడుతోంది. వెనక మూడు వందల మంది కాళ్ళు ముడుచుకుని నిద్రపోతూ ఉంటారు, ముందు కుడిచేతి కింద థ్రాటిల్ పెట్టుకుని అన్నయ్య నిశ్చింతగా కూర్చుని ఉంటాడు, ఆ నిశ్చింతే ఆమెను చంపుతోంది, ఎందుకంటే ట్యాంకులో లేని ఇంధనం ఒకటి ఉందని ఈ లోకంలో నమ్మేవాడు ఆయనొక్కడే, అలా నమ్మేలా చేసింది తనే.

లెక్కలమ్మ అంటారు ఆమెను పైలట్లు. ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, ఎంతసేపు పడుతుంది, ఎంత ఇంధనం పోయించాలి, ఇదంతా విమానం కదలకముందే నేల మీద కూర్చుని కట్టిపెట్టే ఉద్యోగం, కిటికీల్లేని గది, ఆరు కుర్చీలు, గోడ నిండా గడియారాలు, ఏసీ చలికి కుర్చీ వెనక ఎప్పుడూ వేలాడే శాలువా. ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య దూరం ఎనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు, అది మారదు, మారేది కాలమే. టికెట్టు మీద కంపెనీ వేసే కాలం ఒకటి, అది పది గంటల అయిదు నిమిషాలు, అరగంట ఆలస్యమైనా సమయానికే వచ్చామని గొప్పలు చెప్పుకోవడానికి. గాలి ఒప్పుకుంటే నిజంగా పట్టే కాలం ఒకటి, తొమ్మిది గంటల ఇరవై. ఆ రెంటి మధ్యలో ఆమె కాగితం మీద వేసే కాలం ఒకటి, అన్నయ్య నడిపే రోజున మాత్రమే వేసేది, తొమ్మిది నలభై. మధ్యలోని ఆ ఇరవై నిమిషాలు ఏ గడిలోనూ కనిపించవు. చివరి మూడో వంతు దారిలో విమానం కాస్త తక్కువ ఎత్తున పోతుందని రాస్తుంది, అలా పోదని తెలిసీ రాస్తుంది, తక్కువ ఎత్తున పోతే ఎక్కువ తాగుతుంది కాబట్టి లెక్క కట్టే యంత్రం నోరు మూసుకుని అంత ఇంధనమూ కలిపేస్తుంది, తీరా పైకి వెళ్ళాక అన్నయ్య తన ఎత్తున తను పోతాడు, ఇరవై నిమిషాల ఇంధనం చివర్లో చడీచప్పుడూ లేకుండా మిగిలిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే. ఇది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకుంటుంది, మానేయమంటే మానదు.

నాన్న లారీ నడిపేవాడు. బయల్దేరేటప్పుడు అమ్మతో ఎనిమిదికి వస్తాననేవాడు, ఏడింటికి గుమ్మంలో ఉండేవాడు, ఎప్పుడూ అంతే, ఆ గంట ఆయన అమ్మ కోసం దాచి ఉంచిన గంట, దారిలో టైరు పేలినా అమ్మ గుండె ఆగకూడదని. కొన్నాళ్ళకు అమ్మకు అది తెలిసిపోయింది, ఏడింటికే స్నానానికి నీళ్ళు తోడి పెట్టేది. అక్కడే వచ్చింది చిక్కు. ఒకరోజు నాన్న చెప్పిన మాటకు తూచా తప్పకుండా సరిగ్గా ఎనిమిదికే వచ్చాడు, మాట నిలబెట్టుకున్నవాడిలా నవ్వుతూ వచ్చాడు, అప్పటికి అమ్మ గంటసేపు వీధికీ ఇంట్లోకీ తిరిగి తిరిగి ఏడ్చి అరుగు మీద కూలబడి ఉంది. తెలిసిపోయిన అబద్ధంతో వచ్చే ప్రమాదమే అది, దాన్ని నమ్ముకుని బతకడం అలవాటైపోతుంది, ఏదో ఒకరోజు అవతలివాళ్ళు నిజం చెప్తే కొంప మునుగుతుంది. తను ఈ రోజు నిజం చెప్పింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అన్నయ్య విమానానికి ఉన్నదున్నట్టు లెక్క కట్టింది, ఎదురుగాలి ఉంది కనక ఆ నిజమే తొమ్మిది నలభైకి వచ్చి కూర్చుంది, చూడ్డానికి అచ్చం ఎప్పుడూ వేసే అంకెలాగే ఉంది. అన్నయ్య దాన్ని చూసి లోలోపల నవ్వుకుని ఉంటాడు, ఇందులో ఇరవై మా చెల్లి దాచినవి అనుకుని సంతకం పెట్టేసి ఉంటాడు.

మూడు వారాల కిందట కంపెనీ నుంచి హుకుం వచ్చింది, కారణం రాయకుండా చుక్క ఇంధనం ఎక్కువ వేయడానికి వీల్లేదని. అంతకుముందు నెల ఎవరో పాత లెక్కలన్నీ తిరగేశారు, ఈమె కట్టిన విమానాల్లో ఒకాయనవి మాత్రమే ప్రతిసారీ చివర్లో మిగుల్చుకుని దిగుతున్నాయేమిటని అడిగారు. షిఫ్టు పెద్ద పిలిచి కూర్చోబెట్టి, ఏమిటమ్మా ఇది అన్నాడు, గద్దించలేదు కూడా, టీ ఇప్పించాడు. అప్పుడు నోరు జారింది. కెప్టెన్ గారు అడిగేవారండీ అంది. కెప్టెన్ గారు ఏనాడూ అడగలేదు. తన తప్పు తన నోటితో ఒప్పుకోలేక, అడగని మనిషి మీదకు తోసేసింది, అది కూడా అన్నయ్యే కదా ఏమనుకుంటాడులే అన్న ధీమాతో. వాళ్ళు ఆయన్ని పిలిచి అడిగారు, ఆయన కాదనలేదు, అవును నేనే అడిగానని చెప్పి మాట పడి వచ్చాడు. ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలోనే నిలబడి, "ఎందుకు పెట్టావని నేనెప్పుడూ అడగలేదు, ఎందుకు చెప్పావని మాత్రం అడుగుతున్నా," అన్నాడు. జవాబు చెప్పి ఉంటే అయిపోయేది. భయమేసిందన్నయ్యా అంటే అయిపోయేది. అనలేదు, అంతమాటంటావా అని తనే ఎదురు అలిగి చెప్పులు వేసుకుని వచ్చేసింది, తప్పు చేసినవాళ్ళకే రోషం ఎక్కువ వస్తుంది మరి. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటా మంతీ లేదు.

ఈ పొద్దున లెక్క కడుతుండగా ఆ ఎత్తు గడి దగ్గరకొచ్చేసరికి వేలు ఆగింది. బాగా గుర్తుంది, ఆగింది. ఒక్క అంకె మార్చాలి, అంతే, అయినా మార్చలేదు. కావాలంటే అడగనీ, ఈ గదికి ఫోనుంది, ఆయనకు నోరుంది, కారణం రాసి నలుగురిలాగే అడిగి వేయించుకోనీ, నేనెందుకు దొంగతనంగా వేసి మళ్ళీ దొంగననిపించుకోవాలి అనుకుంది. చట్టం చెప్పినంతా ఉంది, ఒక్క కిలో తగ్గలేదు, అలా చూస్తే ఏ తప్పూ లేదు, ఏ కోర్టుకెక్కినా గెలుస్తుంది. ఫోను మోగుతుందేమోనని విమానం కదిలేదాకా చూస్తూనే ఉంది. మోగలేదు. బయల్దేరిపోయింది. పంతం నెగ్గినట్టనిపించిందా అప్పుడు? కాసేపు అనిపించింది కూడా.

పక్క కుర్చీలో వాతావరణం చూసే ఆయన మెడ ఇటు తిప్పాడు. మబ్బులాయన అని పేరు ఆయనకు, మంచి వార్త చెప్పేటప్పుడు కూడా ఎవరో పోయినట్టే చెప్తాడు.

"అక్కడ ఇంకా చిక్కబడింది. విమానం చేరేలోపు విడిపోవచ్చు, విడిపోకపోనూవచ్చు."

"మీరేమనుకుంటున్నారు?"

"నేననుకుంటే మంచు వింటుందా అమ్మా?"

నలభై నిమిషాలు. దీవికి తిరగమని ఒక్క మాట పంపితే చాలు కదా, చాలదు, అన్నయ్య తిరగడు. ఎందుకు తిరగడో ఈ గదిలో తనకొక్కదానికే తెలుసు. ఒకేఒక్కసారి ఆ దారిలో ఆయన నడిపే విమానంలో ఎక్కింది, తనకు విమానం పడదు, ఊళ్ళకు ఊళ్ళు దాటించే దారులు గీసే మనిషి కిటికీ పక్కన కూర్చుని కాగితం సంచీలో వాంతులు చేసుకుంటుందని ఆఫీసులో తెలిస్తే పరువు పోతుంది. నేల వదిలిన కాసేపటికి మైకులో అన్నయ్య గొంతు వినిపించింది, దూరం ఇంత, ఎత్తు ఇంత అని చెప్పి, "ప్రయాణ కాలం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. లెక్క కట్టినామె తొమ్మిది నలభై అంటోంది గానీ, ఆవిడకు కాస్త భయం ఎక్కువ లెండి," అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఆమె సంచీలోంచి తలెత్తి చూసింది. అంటే తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో, ఎంత అని కూడా తెలుసు, ఆ ఇరవై చివరి మూడో వంతులో మిగులుతాయనీ తెలుసు. దిగాక ఆయన ఆ మాట ఎత్తలేదు, ఈమె ఎత్తలేదు. అప్పట్నుంచి అది ఇద్దరూ కలిసి దాచుకున్నదైపోయింది. అందుకే ఇప్పుడు అక్కడ గాలి ఎంత తిన్నా, ప్రతి గుర్తు దగ్గరా అంకె ఎంత తగ్గినా ఆయనకు చీమ కుట్టినట్టైనా ఉండదు, చివరి మూడో వంతులో మన ఇరవై మనకున్నాయి, మంచు చుట్టూ కాసేపు తిరిగి దిగొచ్చు అనుకుంటూ ఉంటాడు. ఆ మూడో వంతు ఇంకా మొదలు కాలేదు. మొదలయ్యేసరికి దీవి వెనకైపోతుంది.

సెల్లు వణికింది. వదిన.

"ఎక్కడున్నాడమ్మా మీ అన్న?"

"సముద్రం మీద, వదినా."

"ఆ మాత్రం నాకూ తెలుసులే. ఎన్నింటికి దిగుతాడంటావ్?"

"కాస్త ఆలస్యమవుతుందేమో."

"నీ నోట ఆ మాట ఎప్పుడూ విన్లేదే! గొంతేంటి అలా ఉంది? మీ కోపాలు తగలెయ్య, ఇద్దరూ ఇద్దరే. పొద్దున షూ వేసుకుంటుంటే చెప్పాను, చెల్లెలికి ఒక ఫోన్ కొట్టొచ్చుగా అని. ఏమన్నాడో తెలుసా? నేనడక్కపోయినా అది పెడుతుందిలే, అది అలిగినా చెయ్యి అలగదు అన్నాడు. ఏం పెడతావు నువ్వు? డబ్బాలో తినడానికేమన్నా పంపించావా?"

"లేదు వదినా," అంది. "ఈసారి ఏమీ పెట్టలేదు."

"పోనీలే, రెండు రోజుల్లో వచ్చేస్తాడుగా, అప్పుడు పెడుదువు గాని," అంది వదిన. పొయ్యి మీద ఏదో ఉందంటూ పెట్టేసింది.

చెయ్యి అలగదట. ఆ చేతినే చూసుకుంది, కీబోర్డు మీద బోర్లా పడి ఉంది, చూపుడువేలి గోరు కొరికి కొరికి ఎర్రబడింది. అలిగింది అన్నయ్యా, చెయ్యి కూడా అలిగింది, నువ్వనుకున్నంత మంచిది కాదది. ఏడవడానికి టైము లేదు, ముప్పై నిమిషాలున్నాయి, మెసేజీ వెళ్ళడానికో రెండు, ఆయన చదవడానికో రెండు, చదివి నమ్మడానికి ఎంతసేపు పడుతుందో ఏ యంత్రమూ చెప్పదు. లేచి షిఫ్టు పెద్ద బల్ల దగ్గరకు పోయింది. చెప్పేసింది, నిలబడే, ఊపిరి తీసుకోకుండా, ఆయన అడగలేదండీ నేనే వేసేదాన్ని, తొమ్మిదేళ్ళూ నేనే, ఈ రోజు వెయ్యలేదు, వేశాననుకుంటున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఆమె వెనకాలే వచ్చి తెర ముందు నిలబడ్డాడు. అంకెలు చూశాడు. గోడ మీది గడియారం చూశాడు.

"దీవికి తిరగమని పంపు. అంతవరకు చాలు. మిగతాదంతా రాశావంటే రికార్డులో ఉండిపోతుంది, నేను కూడా చెరపలేను, తెలుసుగా?"

"అంతవరకే పంపితే తిరగడు సార్. ఉందనుకుంటాడు."

"కెప్టెన్ అన్నాక చెప్తే వినడా?"

"ఇన్నేళ్ళూ నేనే కదా సార్ వినక్కర్లేదని నేర్పింది."

ఆయన కుర్చీ ఆమె వైపు తోశాడు. ఆమె కూర్చుంది. ఉద్యోగం పోతుంది, పోనీ, అని అనుకోవడానికి గుండె అంత గట్టిది కాదు, పోతుందని అనుకోగానే ఆ శాలువా, ఆరు కుర్చీలు, లెక్కలమ్మా అని ఫోన్లో పిలిచే గొంతులు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి, గుర్తొస్తుండగానే వేళ్ళు కొట్టుకుంటూ పోతున్నాయి, నా లెక్కలో దాచింది ఏమీ లేదు, చివరి మూడో వంతులో ఏమీ మిగలదు, దీవికి తిరగండి. పంపింది. తెర ఒకసారి ఒళ్ళు కదిపింది, ఇంకోసారి కదిపింది. పద్నాలుగు కిలోమీటర్లు, ఇరవై ఎనిమిది. అక్కడ కాక్‌పిట్‌లో చిన్న చప్పుడు చేసి చీటీ బయటికొచ్చి ఉంటుంది, పక్కనున్న కుర్రపైలట్ చించి ఇచ్చి ఉంటాడు, అన్నయ్య కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుని చదువుతూ ఉంటాడు. జవాబు వచ్చింది. ఎప్పుడూ ఉండే ఇరవై? లేవు, అని కొట్టింది. మళ్ళీ తెర కదిలింది, గుర్తు దీవి పక్కకు వచ్చేస్తోంది, మబ్బులాయన కుర్చీ జరుపుకుని దగ్గరకొచ్చాడు, ఎక్కడో ప్రింటరు కాగితం అయిపోయిందని కూస్తోంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. రెండో జవాబు. మంచు చూసి భయపడి చెప్తున్నావా?

అదీ సంగతి. నమ్మడం లేదు. నమ్మడు మరి, ఎలా నమ్ముతాడు, ఈ చెల్లెలు భయస్తురాలని ఆయన మైకులో మూడు వందల మందికి చెప్పాడు, భయమేస్తే అంకెలు పెంచుతుందనీ తెలుసు, ఇంకా ఎక్కువ భయమేస్తే ఉన్నది లేదని కూడా అంటుందని ఎందుకనుకోడు. ఇక్కడ నిజమని రాస్తే సరిపోదు. ఒట్టు అని రాస్తే ఇంకా అనుమానిస్తాడు, చిన్నప్పుడు అన్ని దొంగ ఒట్లూ ఆయన మీదే పెట్టింది. ప్రేమతో రాస్తే అబద్ధమనుకుంటాడు, ప్రేమతోనే కదా ఇన్నాళ్ళూ అబద్ధాలాడింది. మరి ఈ మనిషి నా గురించి దేన్ని నమ్ముతాడు, నాలో ఏది కళ్ళారా చూశాడు, ఆ ఆదివారం గుమ్మంలో ఏం చూశాడు. షిఫ్టు పెద్ద వెనక నిలబడి చదువుతున్నాడు, చదవనీ. కొట్టింది. భయపడి కాదు. కోపంతో పెట్టలేదు.

ఆ తరవాతి నిమిషం ఎంత పొడుగో కొలిచే సాధనం ఆ గదిలో లేదు, ఉన్న గడియారాలన్నీ మామూలుగానే తిరుగుతున్నాయి. అంతా ఆమె తప్పే, ఆమె నోరే, ఆమె చెయ్యే, ఇద్దరన్నాచెల్లెళ్ళ అలక నడుమ ఊరూ పేరూ తెలియని మూడు వందల మందిని ఎక్కించి సముద్రం మీదికి తోసింది. తెర కదిలింది. గుర్తు తిన్నగానే ఉంది. మళ్ళీ కదిలింది. ముక్కు కొంచెం కుడివైపుకు ఒరిగింది, కాదు, తనకలా కనిపిస్తోంది, మబ్బులాయన వేలు పెట్టి చూపించి "తిరిగాడు," అన్నాడు, ఆయన గొంతులో మొదటిసారి ఎవరూ పోలేదు. దాని వెనకే జవాబు వచ్చింది. దీవికి వెళ్తున్నాం. దాని కింద ఖాళీ వదిలి ఇంకో వరస. నేనూ కోపంతోనే అడగలేదు.

ఆమె శాలువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. షిఫ్టు పెద్ద గొంతు సవరించుకుని, ఇది కూడా రికార్డులోకి పోతుందిగా అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. విమానం దిగేవరకూ ఆమెను కుర్చీలోంచి లేవమనలేదు, అది ఆయన మంచితనం. దిగింది. చక్రాలు ఆగిన కబురు వచ్చిన కాసేపటికి మబ్బులాయన తన తెర వంక చూస్తూ ఇబ్బందిగా కదిలాడు, గమ్యం మీద మంచు పలచబడుతోందన్నాడు, అన్నయ్య అక్కడికి చేరే వేళకు రన్‌వే కనిపించేదేమో అన్నాడు.

"అయితే తిన్నగా పోయినా దిగేవాడేనేమో," అన్నాడు షిఫ్టు పెద్ద.

"దిగేవాడేనేమో సార్."

"ఉత్తపుణ్యానికి ఇదంతా నెత్తిమీదికి తెచ్చుకున్నావు కదమ్మా."

ఆమె శాలువా మడిచి లేచింది. ఆ 'ఏమో' మీద అన్నయ్యను కూర్చోబెట్టి గంటల తరబడి చూస్తూ ఉండటం తన వల్ల అయ్యే పని కాదు, ఆ మాట ఆయనకు చెప్తే అర్థమవుతుంది, చెప్పే ఓపిక లేదు. ఇంకొకాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు, ఎత్తు తనకు సరిపడా సర్దుకున్నాడు. మెడలో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది, రేపు పది గంటలకు పైఅంతస్తుకు రమ్మన్నారు. బయట నడవాలో కాఫీ యంత్రం పక్కన బెంచీ మీద కూర్చుంది. ఫోను మోగింది.

"ఏమే," అన్నాడు.

మూడు వారాలైంది ఆ మాట విని. "అన్నయ్యా," అంది.

"ఇక్కడ బండొచ్చి నిలబడింది. ఎంత పోయించమంటావు?"

"నన్ను కుర్చీలోంచి లేపేశారన్నయ్యా. లెక్క వేరే ఆయన పంపుతాడు."

"ఆయన పంపింది నా చేతిలోనే ఉంది. నేనడుగుతోంది నిన్ను."

కళ్ళు మూసుకుంది. దీవి నుంచి గమ్యానికి దూరం, ఈ వేళ గాలి, ఈ వేళ బరువు, మంచు మళ్ళీ కమ్ముకుంటే, పక్క ఊరు కూడా మూసుకుపోతే. అంకె చెప్పింది.

"ఎక్కువే," అన్నాడు. "ఇందులో దాచిందెంత?"

"ఏమీ దాచలేదు. మంచు కోసం గంటకు సరిపడా కలిపాను. కలిపానని చెప్తున్నాను. అందులో ఇంక వేరే ఏమీ లేదు."

అవతల గాలి హోరు, ఇంజను చల్లబడుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు. నిజమేనా అని అడుగుతాడనుకుంది, అడిగితే ఈసారి ఏం చెప్పాలో తోచలేదు, నమ్మించడానికి కోపం కూడా మిగల్లేదు. ఆయన ఫోను నోటి దగ్గర్నుంచి కాస్త పక్కకు తీసి, బండి దగ్గర ఉన్న మనిషికి వినపడేలా ఆమె చెప్పిన అంకెను చెప్పినట్టే పైకి అరిచి చెప్పాడు.